మొదటి ముక్క

దోరలీసికి మనవడి పుట్టినరోజు కేకులో మొదటి ముక్క కావాలి. తినడానికి కాదు. ఆమెకు షుగరు. కేకు తిన్నదని తెలిస్తే డాక్టరు చెడామడా తిడతాడు. ఆమెకు కావలసిందల్లా నలుగురి ముందు ఆ ముక్క తన చేతికి రావడం. చేతికొచ్చాక దాన్ని పిల్లికి పెట్టినా ఆమెకు బాధ లేదు.

మినాస్ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో పుట్టినరోజంటే పాట పాడతారు, కొవ్వొత్తి ఊదిస్తారు, మనసులో ఏదో ఒకటి కోరుకోమని కత్తిని కేకు అడుగు నుంచి పైకి లాగిస్తారు. అంతా అయ్యాక జనం గొంతు చించుకుని అడుగుతారు: "మొదటి ముక్క ఎవరికి?" పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళు ఆ ముక్కను తమకు అందరికంటే ఇష్టమైన మనిషికి ఇవ్వాలి. ఇచ్చేదాకా రెండో ముక్క తెగదు. అది అందరూ నవ్వుతూ అడిగే ప్రశ్నే. కానీ ఆ ముక్క మూలంగా మాటలు మానేసిన అక్కచెల్లెళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. కాబోయే భార్యను పక్కన పెట్టుకుని ముక్క తీసుకెళ్ళి తల్లికిచ్చిన మగవాడొకడు ఇప్పటికీ పెళ్ళి కాకుండా తల్లి దగ్గరే ఉన్నాడు.

పోయినేడు ఇకారోకు మొదటి పుట్టినరోజు. వాడికి నోట్లో నాలుగు పళ్ళు లేవు, నిలబెడితే కూలబడేవాడు. జనం మామూలుగానే అడిగారు, మొదటి ముక్క ఎవరికని. కోడలు సిల్మారా పిల్లాణ్ణి చంకనేసుకుని, "అమ్మమ్మకిస్తాడట!" అంటూ ముక్క తీసుకెళ్ళి తన తల్లి నిల్జా చేతిలో పెట్టింది.

"ఇస్తాడట!" అంది దోరలీసి మర్నాడు గోడ మీదుగా పక్కింటి జుసారాతో. "వాడే చెప్పాడట! ముద్ద మింగడం రాని వెధవ చెవిలో రహస్యం చెప్పాడట! రోజూ వాడి ముడ్డి కడిగేదెవరు? ముక్కు తుడిచేదెవరు? ఆవిడ ఏడాదికి రెండుసార్లు బస్సు దిగి, సెంటు కొట్టుకుని, వాడి బుగ్గ గిల్లి వెళుతుంది. ముక్క మాత్రం ఆవిడకి!"

"పోనీలే దోరా, కన్నతల్లి కదా, కూతురికుండదూ?" అంది జుసారా.

"ఉండనీ. నేనొద్దన్నానా?" అంది దోరలీసి. ఒద్దన్నట్టే ఉంది గొంతు.

ఆమె బాధలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. కొడుకు జిల్సన్ పాల ట్యాంకరు నడుపుతాడు, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. కోడలు చర్చి ఎదురుగా ఉన్న మందుల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది, పిల్లాడు లేచేసరికి ఆమె ఉండదు, వచ్చేసరికి వాడికి స్నానం కూడా అయిపోయి ఉంటుంది. మధ్యలో ఉన్న రోజంతా దోరలీసిదే. వాడు మట్టి తింటే నోట్లో వేలు పెట్టి తీసేది ఆమె, చెప్పు తీసుకెళ్ళి బీన్సు కుండలో వేస్తే కుండంతా పారబోసేది ఆమె. కాబట్టి ఈసారి రెండో పుట్టినరోజు వస్తుందనగా ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. వాడిప్పుడు నడుస్తున్నాడు. పళ్ళెం పట్టుకోగలడు. ముక్క వాడే ఇస్తాడు. ఎవరికివ్వాలో వాడికి తెలియాలంతే. తెలియకపోతే తెలియజెప్పడానికి పెద్దవాళ్ళెందుకు ఉన్నట్టు?

రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకు పాఠం మొదలయ్యేది. మొక్కజొన్న పిండి కేకు ముక్క ఒకటి చిన్న నీలం పళ్ళెంలో పెట్టి వాడి చేతికిచ్చేది. తను వెళ్ళి పొయ్యి పక్కన తన కుర్చీలో కూర్చునేది. ఆ కుర్చీ గురించి కూడా చెప్పాలి. పసుపుపచ్చ రంగు వేసిన చెక్క కుర్చీ, గడ్డితో అల్లిన సీటు, దాని మీద ఆమె స్వయంగా అల్లుకున్న దిండు. వంటింట్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. అందులో ఆమె, ఆమె లేనప్పుడు ఫరోఫా అనే పిల్లి తప్ప ఇంకెవరూ కూర్చోరు. సిల్మారా ఆ ఇంటికి కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నిలబడే కాఫీ తాగుతోంది.

కుర్చీలో సర్దుకున్నాక దోరలీసి ఊరి జనమంతా తనే అయినట్టు గొంతు పెంచి అడిగేది: "మొదటి ముక్క ఎవరికీ?"

వాడు మొదట్లో ఆ ముక్కను తనే నోట్లో కుక్కుకునేవాడు. తర్వాత నేల మీద పడేసేవాడు. పోను పోను దారికొచ్చాడు. పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి, తూలుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవాడు. అప్పుడామె "అదీ! నా బంగారు తండ్రి!" అని చప్పట్లు కొట్టేది. వాడికి కేకుకంటే ఆ చప్పట్లే ఇష్టం. పళ్ళెం పెట్టగానే తలెత్తి ఆమె చేతుల వైపు చూసేవాడు. కొట్టడం ఆలస్యమైతే కింది పెదవి వణికేది.

ఒకరోజు పాఠం మధ్యలో గ్యాసు బండి వచ్చింది. దోరలీసి వీధిలోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పళ్ళెం పసుపు కుర్చీ మీద ఉంది. పిల్లి కేకు తింటోంది. ఇకారో దాని ముందు నిలబడి తనే చప్పట్లు కొట్టుకుంటున్నాడు.

"ఓసి దొంగముండా!" అని ఆమె పిల్లిని తరిమింది. వెనకాలే వచ్చిన జుసారా గుమ్మం పట్టుకుని పడీ పడీ నవ్వింది. "నీ మనవడికి పిల్లంటే ప్రాణమే దోరా! రేపు ముక్క ఫరోఫాకే!"

"అది లాక్కుంది, వాడివ్వలేదు," అంది దోరలీసి. అలాగని గట్టిగా నమ్మింది కూడా. కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేది. కానీ గెలుపు కళ్ళముందు కనబడుతున్నప్పుడు ఆలోచన ఎవరికి తడుతుంది?

పుట్టినరోజు ముందు సాయంత్రం అత్తాకోడళ్ళు వంటింట్లో పని చేసుకుంటున్నారు. దోరలీసి కుర్చీలో కూర్చుని కండెన్స్‌డ్ పాలూ కోకో కలిపి కాచిన ముద్దను ఉండలు చేస్తోంది. సిల్మారా నిలబడి బెలూన్లు ఊదుతోంది.

"ఈసారి వాడే ఇస్తాడు కదత్తయ్యా," అంది సిల్మారా ఒక బెలూను ముడేస్తూ. "ఎవరికిస్తాడంటారు?"

"పసివెధవ, వాడికేం తెలుస్తుందే! ఎవరు కనబడితే వాళ్ళకిస్తాడు," అంది దోరలీసి. అంత అమాయకంగా ఆమె జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు.

"నేను కేకు పక్కనే ఉంటాను. ఆదివారం డ్యూటీ ఉన్నా సెలవు పెట్టాను. కొత్త గౌను కూడా కొన్నాను, చూపించనా?"

"తర్వాత చూద్దువుగాని. ఉండలు ఆరిపోతున్నాయి."

మర్నాడు ఆదివారం. ఇంటి ముందు షెడ్డులోంచి జిల్సన్ మోటారు సైకిలు బయటపెట్టి బెలూన్లు కట్టాడు. చర్చి హాలు నుంచి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. మధ్యాహ్నం దాటాక నిల్జా దిగింది. మోకాళ్ళకు పట్టీలు, మెడలో ముత్యాలు, చంకలో అట్టపెట్టె, అందులో ఇకారో కంటే పెద్ద బొమ్మ గుర్రం.

"ఏడీ నా రాజా? అమ్మమ్మ దగ్గరికి రా నాన్నా!"

నాన్న రాలేదు. నానమ్మ గౌను వెనక దాక్కుని ఒక కన్నుతో చూశాడు. నిల్జా ముఖం చిన్నబోయింది. దోరలీసి కడుపు నిండిపోయింది, ఇంక కేకు అక్కర్లేనంతగా.

"మరిచిపోయాడు వదినా, మీరేం మనసులో పెట్టుకోకండి," అంది ఎంతో ప్రేమగా. "రోజూ చూసేవాళ్ళనైతే వదలడనుకోండి. పసివాడు కదా."

"అవునులెండి వదినా. దూరాభారం. నా మోకాళ్ళు చూస్తున్నారుగా," అంది నిల్జా, ఒక ప్లాస్టిక్ కుర్చీ వైపు జరుగుతూ.

అక్కడ ఆగి ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ దోరలీసి అంత మర్యాదస్థురాలు ఆ వీధిలో ఇంకొకరు లేరు. పైగా గెలవబోతున్న మనిషికి దయ ఎక్కువవుతుంది. పైగా చుట్టూ వీధంతా ఉంది.

"అయ్యో, ఆ ప్లాస్టిక్ దాంట్లో మీరా!" అని కేకేసింది. "పోయినసారి జుసారా వాళ్ళ ఆడపడుచు కూర్చుంటే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోయాయి! జిల్సన్! నా కుర్చీ పట్టుకురా!"

"వద్దు వదినా, మీ కుర్చీ మీకుండాలి."

"నా కుర్చీయేమిటి, మీదేమిటి! ఇల్లే మీది."

"నిలబడతాను, పర్వాలేదు."

"నిలబడితే నా పరువేం కాను? కూర్చోకపోతే నా మీదొట్టే!"

ఆ ఊరి మర్యాద ఎలాంటిదంటే, కాదనేవాళ్ళు కాదంటూనే ఉండాలి, ఇచ్చేవాళ్ళు కుక్కుతూనే ఉండాలి. చివరికి ఎవరో ఒకరు అలిసిపోతారు. నిల్జా అలిసిపోయింది. జిల్సన్ పసుపుపచ్చ కుర్చీని దిండుతో సహా తెచ్చి షెడ్డులో గోడవార, కేకుకు ఎదురుగా వేశాడు. నిల్జా అందులో ఒదిగి కూర్చుని, "ఎంత హాయిగా ఉంది వదినా," అంది. దోరలీసి దిండు కూడా సర్దింది.

పాట అయింది. పెద్దయ్యాక ఈ పిల్లాడెవర్ని చేసుకుంటాడంటూ వేళాకోళప్పాట కూడా అయింది. జుసారా మనవరాలు సిగ్గుపడి ఏడ్చింది. జిల్సన్ ఇకారో చెయ్యి పట్టుకుని కత్తిని కింద నుంచి పైకి లాగించాడు. ముక్క పళ్ళెంలో పడింది. ఆ పళ్ళెం నీలం పళ్ళెమే, దోరలీసి ముందే తెచ్చి పెట్టింది. వాడికి అలవాటైన వస్తువుంటే మంచిదని.

"మొదటి ముక్క ఎవరికీ?" అని షెడ్డంతా అరిచింది.

వాడు ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆ మాట గుర్తుపట్టాడు. నాలుక బయటికొచ్చింది. దోరలీసి ముందు వరసలో నిలబడి చేతులు తుడుచుకుంది. గుండె దడదడా కొట్టుకుంది. అరవయ్యేళ్ళ మనిషికి రెండేళ్ళవాడి కోసం అంత దడేమిటని ఆమెకే సిగ్గేసింది. కేకు పక్కన సిల్మారా కొత్త గౌను నేలకు తగులుతున్నా చూసుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాచింది.

ఇకారో కళ్ళు చుట్టూ తిరిగాయి. ఎన్ని ముఖాలో, ఎన్ని బెలూన్లో! ఆ గందరగోళంలో వాడికి తెలిసినదొకటి కనబడింది. కదిలాడు. తల్లి చేతుల పక్కనుంచి వెళ్ళాడు. నానమ్మ గౌను రాసుకుంటూ వెళ్ళాడు. తూలుకుంటూ, ముక్క జారకుండా పట్టుకుని, నేరుగా పసుపుపచ్చ కుర్చీ దగ్గరికి వెళ్ళి పళ్ళేన్ని నిల్జా ఒళ్ళో పెట్టాడు. పెట్టి, తలెత్తి చప్పట్ల కోసం చూశాడు.

చప్పట్లు మామూలుగా పడలేదు. షెడ్డు రేకులు అదిరాయి. నిల్జా రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను మరిచిపోయాడనుకున్నాను! క్రిస్మస్ తర్వాత ఇదే చూడడం! నా తండ్రి మరిచిపోలేదు!"

"రక్తం తెలుస్తుందండీ," అన్నాడు ఎవరో ముసలాయన. "ఎంత దూరమున్నా రక్తం తెలుస్తుంది."

ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంది. దోరలీసి రక్తమూ ఆ పిల్లాడిలోనే ఉందన్న సంగతి అప్పటికెవరికీ గుర్తు రాలేదు. జుసారా ఆమె చెవి దగ్గరికొచ్చి మెల్లగా అంది: "దోరా, కుర్చీలో ఇవాళ పిల్లి లేదు కాబట్టి సరిపోయింది."

అప్పుడర్థమైంది దోరలీసికి. రోజూ ఒళ్ళో కేకు పెట్టించుకుని ఆమె వాడికి నేర్పింది కుర్చీని! ఆ కుర్చీని ఒట్టు పెట్టి మరీ శత్రువు కింద వేసింది! పోనీ నోరు విప్పి చెబుదామా? ఏమని? వాడు అమ్మమ్మకివ్వలేదర్రా, కుర్చీకిచ్చాడు, నేను రోజూ తర్ఫీదిచ్చాను అనా? వీధంతా ఆ మాట పట్టుకుని మనవడి పెళ్ళిదాకా నవ్వుతుంది. అందుకని ఆమె కూడా చప్పట్లు కొట్టింది. నవ్వింది. వెళ్ళి వియ్యపురాలి బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుని, "చూశారా వదినా, నేను చెప్పలేదూ, పసివాళ్ళు మరిచిపోరు," అంది. ఆ తర్వాత కత్తి తీసుకుని కేకును అంత వేగంగా కోసిందంటే పళ్ళేలు అందించేవాళ్ళు అందుకోలేకపోయారు.

చీకటి పడకముందే జనం వెళ్ళిపోయారు. నిల్జా ఆ ముక్కను తినలేదు. కాగితపు రుమాలులో చుట్టి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచుకుంటానంటూ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కడానికి వెళ్ళింది. ఆమెను దింపడానికి జిల్సన్ కూడా వెళ్ళాడు. వెళ్ళేముందు పసుపుపచ్చ కుర్చీని వంటింట్లో దాని చోట పెట్టాడు. ఫరోఫా వచ్చి ఎక్కి కూర్చుంది. ఇకారో బొమ్మ గుర్రాన్ని వదిలేసి, అది వచ్చిన అట్టపెట్టెలో దూరి ఆడుకుంటున్నాడు.

దోరలీసి మిగిలిన కేకు పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి సిల్మారా గిన్నెలు తోముతోంది. కొత్త గౌను అంచుకు మట్టి. భుజాలు కదులుతున్నాయి, గిన్నెలు తోమే కదలిక కాదది.

"ఏమైందే?"

"సబ్బు. కంట్లో పడింది."

"రెండు కళ్ళలోనూ పడిందా?"

సిల్మారా కుళాయి కట్టేసింది. వెనక్కి తిరగలేదు. "వాడు నా వైపు చూడనైనా లేదత్తయ్యా. చేతులు చాచి కూర్చున్నాను. స్తంభాన్ని దాటినట్టు దాటిపోయాడు."

"పసివాడే. వాడికేం తెలుసు."

"మీకిచ్చి ఉంటే ఏడ్చేదాన్ని కాదు," అంది సిల్మారా. "ఒట్టు. మీకే ఇస్తాడనుకున్నాను. పెంచేది మీరు. మీకిస్తే అది న్యాయం, నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. కానీ మా అమ్మకా? ఎప్పుడో వచ్చే మా అమ్మ గుర్తుందే, రోజూ వచ్చే నేను వాడికి గుర్తులేనా? ఊళ్ళో పిల్లలందరికీ జ్వరం మందులిస్తూ కూర్చుంటాను. నా పిల్లాడికి నేనెవరో తెలియదు."

దోరలీసి కేకును బల్ల మీద పెట్టింది. ఏడాదిగా ఏ మాట వినాలని ఆమె ప్రాణం కొట్టుకుందో ఆ మాట వచ్చింది. పెంచేది మీరు, మీకిస్తే న్యాయం. వచ్చింది కానీ, సబ్బు చేతులతో ఏడుస్తున్న పిల్ల నోటి నుంచి, ఎవరూ లేని వంటింట్లో వచ్చింది. షెడ్డులో కన్న కొడుకు పక్కనుంచి దాటి వెళుతుంటే కోడలి చేతులు ఎలా గాలిలో ఉండిపోయాయో ఆమెకిప్పుడు కనబడింది. అప్పుడు తను చూడలేదు. తన చేతులు చూసుకుంటోంది.

'అది కుర్చీకిచ్చాడే పిచ్చిమొద్దూ' అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఈ పిల్ల ఏడుపాగుతుంది. కానీ తర్వాత అడుగుతుంది, కుర్చీకివ్వడం ఎవరు నేర్పారని. పిల్లాణ్ణి తల్లిని దాటించి నడిపించిందెవరని. దానికి జవాబు చెప్పే ధైర్యం దోరలీసికి లేదు.

"ఆ గిన్నెలు వదిలెయ్," అంది. "ఇలా వచ్చి కూర్చో."

"ఎక్కడ?"

దోరలీసి పిల్లిని కిందికి తోసింది. "ఇక్కడ."

"అది మీ కుర్చీ కదత్తయ్యా."

"కూర్చోమంటే కూర్చోవే! పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు. నా కుర్చీ ఏమైనా కరుస్తుందా?"

సిల్మారా భయం భయంగా అంచు మీద కూర్చుంది. "సరిగా కూర్చో," అంది అత్త. ఆమె వెనక్కి జరిగి, దిండుకు ఆనుకుని, చేతులు గౌనుకు తుడుచుకుని ఒళ్ళో పెట్టుకుంది.

దోరలీసి నీలం పళ్ళెం కడిగి అందులో కేకు ముక్క పెట్టింది. అట్టపెట్టెలోంచి మనవణ్ణి లాగి, ముక్కు తన మంచి గౌను చేతికి తుడిచి, పళ్ళెం వాడి చేతికిచ్చింది. షెడ్డులో జనమంతా అరిచినట్టే అరిచింది.

"మొదటి ముక్క ఎవరికీ?"

వాడి నాలుక బయటికొచ్చింది. నిద్రమత్తులో కూడా దారి తప్పలేదు. తూలుకుంటూ వెళ్ళి పళ్ళేన్ని తల్లి ఒళ్ళో పెట్టాడు.

సిల్మారా పళ్ళెం వైపు, వాడి వైపు చూసింది. "అత్తయ్యా! చూశారా? నాకిచ్చాడు! నేను పిలవనైనా లేదు! మీరేం చెప్పలేదు కదా వాడికి?"

"నీ ఎదురుగానే ఉన్నాను కదా. ఏం చెప్పాను?"

"ఇందాక అంతమందిని చూసి బెదిరిపోయాడు. అంతే కదా?"

"అంతేనే. ఇంకేముంది? తల్లిని ఎవరు మరిచిపోతారు?"

సిల్మారా ఏడుస్తూ నవ్వుతూ పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుంది. ఇకారో ఆమె ఏడుపును కానీ నవ్వును కానీ పట్టించుకోలేదు. వెనక్కి తిరిగి నానమ్మ చేతుల వైపు చూస్తున్నాడు. వాడికి రావలసింది ఇంకా రాలేదు. కింది పెదవి వణకడం మొదలైంది.

దోరలీసి చప్పట్లు కొట్టింది. తను నేర్పినట్టే, గట్టిగా, "అదీ! నా బంగారు తండ్రి!" అంటూ. వాడు కిలకిలా నవ్వి తల్లి ఒళ్ళోకి ఎక్కేశాడు, కేకు మీద మోకాలు పెట్టి మరీ.

చప్పట్లయ్యాక ఆమెకు కాళ్ళు పీకుతున్న సంగతి తెలిసింది. కూర్చుందామని చుట్టూ చూసింది. వంటింట్లో ఇంకో కుర్చీ లేదు.